తాత గల్ఫ్ కథల్లో మీ కెరీర్‌కి పనికొచ్చేది ఎక్కడుంది?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. ఈ ఏడాదే ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తయింది. మా తాత 1979లో దుబాయ్ వెళ్లారు, తర్వాత సౌదీలో చేసి 1995లో తిరిగొచ్చేశారు. ఆయన పడ్డ కష్టాలు వింటూనే పెరిగాను. బొంబాయిలో ఏజెంటు చుట్టూ నెలల తరబడి తిరగడం, ఎండలో కాంక్రీటు మోయడం, ఒక్క గదిలో పన్నెండు మంది పడుకోవడం, ఇంటి నుంచి ఉత్తరం వస్తే దాన్నే పదిసార్లు చదువుకోవడం... హెల్పర్‌గా మొదలుపెట్టి తర్వాత షటరింగ్ కార్పెంటర్ (కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పని) అయ్యారు. "నాకు ఒక్క పని రాకున్నా పోయి బతికొచ్చిన. నీకు పని వచ్చు, నీకేం భయంరా" అంటారు. నాన్న మాత్రం వద్దే వద్దంటున్నారు. తాత వెళ్లినప్పుడు ఆయనకు నాలుగేళ్లట. తెలిసిన ఒకాయన లక్షా ఎనభై వేలు కడితే విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడికి వెళ్లాక కంపెనీ వీసాకి మార్పిస్తానంటున్నారు. డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి దొరుకుతుంది. వెళ్లాలా, ఆగాలా?

జవాబు: ముందు తొందరగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ లక్షా ఎనభై వేలు కట్టకండి. విదేశాలకు వెళ్లాలా వద్దా అన్నది నిదానంగా మాట్లాడుకోవచ్చు, కానీ ఈ దారిలో మాత్రం వద్దు.

విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. కొందరికి నిజంగానే కంపెనీ వీసాకి మారుస్తారు, అందుకే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. మారకపోతే మాత్రం గడువు దాటిన ప్రతి రోజుకీ జరిమానా పడుతుంది. చేసిన పనికి జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ఉండదు. చివరికి ఊళ్లో అందరికీ తెలిసిన ఆ మాట, 'కల్లివెల్లి' (సరైన కాగితాలు లేకుండా అక్కడ ఉండిపోయినవాడు), మన పేరు పక్కన చేరుతుంది. ఇక మిత్తి లెక్క చూడండి. లక్షా ఎనభై వేలకు నెలకు 5,400 రూపాయలు, ఏడాదికి 64,800. అసలు అలాగే ఉంటుంది. మన చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, అదీ రసీదు ఇచ్చి. మీ నుంచి అడుగుతున్నది దానికి అయిదు రెట్లు.

ఇప్పుడు తాత సంగతికి వద్దాం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాంక్రీటు గురించి, గది గురించి, ఉత్తరం గురించి వివరంగా రాశారు. 'హెల్పర్‌గా మొదలుపెట్టి షటరింగ్ కార్పెంటర్ అయ్యారు' అన్నది మాత్రం ఒక్క చిన్న వాక్యంలో దాటేశారు. ఒక కెరీర్ కౌన్సెలర్‌గా నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. ఏ పనీ రాకుండా వెళ్లిన మనిషి, భాష తెలియని చోట, పది గంటలు బరువులు మోసిన తర్వాత కూడా ఒక పని నేర్చుకున్నాడు. ఎవరు నేర్పారు? డ్యూటీలోనే నేర్చుకున్నారా, శుక్రవారం సెలవు వదులుకున్నారా? చేతికి సుత్తి ఇవ్వమని ఫోర్‌మన్‌ని ఎలా ఒప్పించారు? జీతం ఎంత నుంచి ఎంతకు పెరిగింది? ఈ వారమే కూర్చుని అడగండి. కష్టాల కథలు ఇంట్లో అందరికీ కంఠస్తం వచ్చి ఉంటాయి. ఈ నేర్చుకున్న కథ మాత్రం ఎవరూ అడగరు, ఆయనా చెప్పరు. ఎందుకంటే అందులో కన్నీళ్లు లేవు.

మీ తాత బతికి బయటపడటంలో ఆయన ధైర్యం ఎంతుందో, ఆ కాలం కూడా అంత ఉంది. 1973 చివర్లో చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. ఆ డబ్బుతో గల్ఫ్ దేశాలు రోడ్లు, రేవులు, ఊళ్లకు ఊళ్లే కట్టడం మొదలుపెట్టాయి. రెండు చేతులున్న ప్రతి మనిషీ వాళ్లకు కావాలి. ఇటు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో వాన పడక, బావులు ఎండిపోయి, సేద్యం నమ్ముకున్న వాళ్లకు వేరే దారి లేదు. అందుకే పని రాకుండా వెళ్లినా అప్పట్లో కూలి గిట్టింది. ఇప్పుడు హెల్పర్ పనికి నేపాల్, బంగ్లాదేశ్ నుంచి కూడా లక్షల మంది వస్తున్నారు. ఉదాహరణకు ఖతర్‌లో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస వేతనం 1,000 రియాల్స్. రూపాయల్లో ఇరవై వేలు దాటుతుంది, అంతే. మీ మిత్తి అందులోనే పోవాలి. మంచి చేతి పని ఉన్న ఎలక్ట్రీషియన్ దానికోసం సముద్రం దాటాల్సిన పని లేదు. కాబట్టి "ఏమీ రాకున్నా పోయి బతికొచ్చిన" అన్న తాత మాట ఆయన కాలానికి నిజం. మీ కాలానికి పనికొచ్చేది ఆయన షటరింగ్ నేర్చుకున్న పద్ధతి.

కష్టాల కథలతో ఇంకో చిక్కుంది, దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలనిపిస్తోంది. అవి వింటూ పెరిగిన పిల్లలు అన్యాయాన్ని కూడా కష్టంలో ఒక భాగం అనుకుంటారు. ఎండ, ఇంటికి దూరంగా ఉండటం, తెలియని భాష, ఇవి ఆ పనిలో ఉన్న కష్టాలు. ఓర్చుకోవచ్చు, ఓర్చుకోవాలి కూడా. కానీ మూడు నెలలు జీతం ఆపడం, ఖఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకోవడం, చెప్పిన పని ఒకటైతే ఇచ్చిన పని ఇంకొకటి కావడం కష్టాలు కావు, మోసాలు. తాత రోజుల్లో పాస్‌పోర్ట్ ఖఫీల్ దగ్గరే ఉండేది, ఎవరూ ప్రశ్నించలేదు. ఇప్పుడు యూఏఈ, సౌదీ, ఖతర్ మూడింటిలోనూ కార్మికుడి పాస్‌పోర్ట్ అట్టిపెట్టుకోవడం చట్ట విరుద్ధం. ఎండ విషయంలో కూడా యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉంది. తాత ఓర్చుకున్నారు కదా అని ఇవన్నీ మీరూ ఓర్చుకుంటే ఆయన కష్టానికి మీరిచ్చే గౌరవం ఏమీ పెరగదు.

మీకు తెలియకపోవచ్చు, ఒక విషయం చెబుతాను. ఇప్పుడున్న వలస చట్టం 1983లో వచ్చింది. తాత వెళ్లేనాటికి ఉన్నది 1922 నాటి బ్రిటిష్ కాలం చట్టం. కొత్త చట్టం కింద పదో తరగతి పాస్ కాని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఇస్తారు. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస వెళ్లేవాళ్ల కాగితాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి ఉండాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా తప్పనిసరి. మీరు పది పాసయ్యారు కాబట్టి మీకు ఆ అనుమతి అక్కర్లేదు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మీ కాగితాలను ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు ఉండరని కూడా దానర్థం. చదువుకున్న పిల్లలే విజిట్ వీసా మోసాల్లో సులువుగా పడటానికి ఇదొక కారణం. ఆ తనిఖీ మీరే చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. మీతో మాట్లాడుతున్న ఆయన పేరు అందులో లేకపోతే ఆయన రిజిస్ట్రేషన్ లేని సబ్ ఏజెంటే. 'పలానా ఆఫీసు మనిషిని' అంటే ఆ ఆఫీసుకే నేరుగా ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, అక్కడ పేరు నమోదు చేసుకోండి. వాళ్ల దగ్గర గల్ఫ్ ఒక్కటే కాదు, జపాన్, జర్మనీ అవకాశాలు కూడా వస్తుంటాయి. వాటికి భాష నేర్చుకోవాలి. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి ఎన్4 స్థాయి (కింది నుంచి రెండో మెట్టు) జపనీస్, దానితో పాటు ఒక నైపుణ్య పరీక్ష అడుగుతారు. టైమ్ పడుతుంది, కానీ మీ వయసుకు అది భారం కాదు.

ఇక ఈ ఏడాది ఏం చేయాలంటే, ముందు అప్రెంటిస్‌షిప్ చేయండి. ఒక ఫ్యాక్టరీలోనో పెద్ద కన్‌స్ట్రక్షన్ సైట్‌లోనో చేస్తే మంచిది. స్టైపెండ్ వస్తుంది, చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఇంటి వైరింగ్ దగ్గరే ఆగిపోకుండా ప్యానెల్ బోర్డులు, మోటార్ కంట్రోల్, కేబుల్ జాయింటింగ్ చూడండి. ఇంగ్లిష్‌లో ఉన్న డ్రాయింగ్ చదివి, దాని ప్రకారం పని చేయడం వస్తే మీకూ హెల్పర్‌కీ మధ్య తేడా అక్కడే కనిపిస్తుంది. సౌదీ వీసాకి ఎలక్ట్రీషియన్‌తో పాటు కొన్ని ట్రేడ్‌ల వాళ్లు ఇక్కడే నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. అప్రెంటిస్‌షిప్ చేసిన వాళ్లకు ఆ పరీక్ష అంటే అంత టెన్షన్ ఉండదు. హిందీ మాట్లాడటం కూడా అలవాటు చేసుకోండి, సైట్ల మీద అదే నడుస్తుంది.

ఆ తర్వాత ఆఫర్ వస్తే మొత్తం జీతం కాకుండా బేసిక్ (అలవెన్స్‌లు కలపని మూల జీతం) ఎంతో చూడండి. ఓవర్‌టైమ్ లెక్కకట్టేది బేసిక్ మీదే. యూఏఈలో ఏడాది దాటిన కార్మికుడికి పని మానేసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, బేసిక్ మీదే కడతారు. 'అలవెన్స్‌లతో కలిపి ఇంత' అని గొప్పగా చెప్పే కంపెనీల్లో బేసిక్ చాలా తక్కువ ఉంటుంది.

మీ నాన్న గురించి కూడా ఒక మాట. ఆయన్ని ధైర్యం లేని మనిషి అనుకుంటున్నారేమో అని మీ ఉత్తరం చదివితే అనిపించింది. తాత కథలో సగం గల్ఫ్‌లో జరిగింది, మిగతా సగం మీ ఇంట్లో జరిగింది. నాలుగేళ్ల పిల్లాడు ఇరవై ఏళ్ల వాడయ్యే దాకా తండ్రి సెలవుల్లో వచ్చిపోయే మనిషిగానే ఉన్నారు. తాత వెళ్లడానికి అప్పు చేసి ఉంటే, ఆ అప్పులవాళ్లకు జవాబు చెప్పింది నానమ్మే అయి ఉంటుంది. ఆ మిత్తి తీరడానికి ఎన్నేళ్లు పట్టింది, ఆ రోజుల్లో ఇల్లు ఎలా నడిచింది, నాన్న చదువు ఎక్కడ ఆగింది అన్నవి తాతకు కూడా పూర్తిగా తెలియకపోవచ్చు. నాన్నని అడగండి. ఒప్పించడానికి కాదు, ముందు వినడానికి. ఆయన వద్దంటున్నది అప్పునా, విజిట్ వీసానా, లేక దూరాన్నా? అప్పు గురించి, వీసా గురించి అయితే పైన చెప్పిన దారిలో ఆ భయం చాలావరకు పోతుంది. దూరం గురించి అయితే ఎన్నేళ్లు ఉంటారు, ఎంత కూడబెట్టాక వస్తారు, ఎన్నాళ్లకోసారి ఇంటికొస్తారు అన్నది వెళ్లకముందే ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఆ ముగింపు ఎప్పుడో అనుకోకుండా వెళ్లడం వల్లే రెండేళ్లని వెళ్లిన చాలామందికి పదిహేనేళ్లు గడిచిపోయాయి.

ఇంకొకటి. మీ పాస్‌పోర్ట్ గానీ, ఒరిజినల్ ఐటీఐ సర్టిఫికెట్లు గానీ ఇప్పటికే ఆ ఏజెంటు చేతికి ఇచ్చి ఉంటే, రేపే నాన్నను తోడు తీసుకుని వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు అడగండి. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి, ఈ-మైగ్రేట్‌లో కూడా నమోదు చేయండి.