మనోవర్తి ఉత్తర్వు ఉంది, డబ్బు రావడం లేదు: బకాయిలు వసూలు చేసుకునేదెలా?

గుంటూరు ఫ్యామిలీ కోర్టు మీ అక్కగారికి మనోవర్తి మంజూరు చేసిందనీ, పధ్నాలుగు నెలలుగా మీ బావగారు పైసా ఇవ్వకుండా హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్నారనీ రాశారు. విజయవాడలో నా సొంత కేసులో నేను ఈ దారిలోనే నడిచాను కనుక వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చూడవలసింది గడువు. పాత నేర విచారణ చట్టమైన సి.ఆర్.పి.సి. 125(3) ప్రకారం, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ ప్రకారం కూడా, ఏ నెల సొమ్ముకైనా అది చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే కోర్టు వసూలు వారెంటు ఇస్తుంది. ఆ లెక్కన మీ అక్కగారి మొదటి రెండు నెలలకు ఇప్పటికే గడువు దాటింది. ఆలస్యం చేస్తే మరో నెల పోతుంది. అయితే ఆ రెండు నెలల బాకీయే రద్దయిందని అవతలి వకీలు వాదిస్తే బెదరవద్దు. గడువు దాటితే వారెంటు మార్గం మూసుకుపోతుందే గానీ బాకీ పోదనీ, దాన్ని సివిల్ మార్గంలో రాబట్టుకోవచ్చనీ 2013లో పూంగోడి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వారెంటు మీద మరీ ఆశ పెట్టుకోకండి. నా కేసులో అది పోలీసుల చేతుల మీదుగా హైదరాబాదు వెళ్లి, ఇంటికి తాళం వేసి ఉందన్న రిపోర్టుతో తిరిగి వచ్చింది. పని జరిగింది జీతం జప్తుతోనే. మనోవర్తి ఉత్తర్వును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా (సొమ్ము చెల్లించాలన్న తీర్పులాగా) అమలు చేయించుకోవచ్చని 2020లో రజ్నేష్-నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పుల కంటే మనోవర్తి డిక్రీకి జీతంలో ఎక్కువ భాగం, అంటే మూడింట రెండు వంతుల దాకా, జప్తు చేయవచ్చు. కంపెనీకి కోర్టు నోటీసు అందిన తర్వాత ఆయన సాకులు చెప్పవలసింది మనకు కాదు, తన ఆఫీసులో. కంపెనీ చిరునామా తెలియకపోతే, అసలు కేసులో ఆయన దాఖలు చేసిన ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్‌ నకలు తీసి చూడండి.

అమరావతి హైకోర్టులో రివిజన్ (ఉత్తర్వును మళ్లీ పరిశీలించమనే పిటిషన్) వేశానని ఆయన అంటే స్టే ఉత్తర్వు, అంటే అమలును ఆపే ఉత్తర్వు, చూపమనండి. స్టే లేని రివిజన్ అమలును ఆపదు. మనోవర్తి కట్టనందుకు జైలుకు వెళ్లివస్తే బాకీ తీరిపోతుందన్న ప్రచారం కూడా ఉంది. అది తప్పని 1989లోనే కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఖర్చుకు జంకుతున్నట్లయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును నియమిస్తారు. ఫోను నంబరు 15100.

చివరగా, వాయిదా రోజున ఆయన కొంత సొమ్ము తెచ్చి రాజీ మాటలు మొదలుపెట్టే అవకాశం ఉంది. తీసుకోండి, కానీ అది ఏయే నెలల కింద జమ అవుతుందో కోర్టులో ఇచ్చే మెమోలో రాయించిన తర్వాతే మీ అక్కగారిని సంతకం చేయనివ్వండి.