గుంటకు నూరు మంది

తమ్ముడూ,

నువ్వు పంపిన రాజకీయ సభ వార్తలో ‘జనసంద్రం’, ‘లక్ష మంది’ అని ఉంది. ఆ లెక్క నీది కాదు, నాయకుని మనిషి వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రెస్‌నోట్‌ది. అదే మాట అక్షరం మారకుండా తెల్లారి అన్ని జిల్లా పేజీల్లో వస్తుంది, మధ్యాహ్నానికి యూట్యూబ్ థంబ్‌నెయిల్ అవుతుంది. గాలి ఎటు ఉందా అని చూస్తున్న ఊరి లీడరు దాన్ని చూసే కండువా మారుస్తాడు. నీ ఒక్క అంకెకు అంత బలముంది, అందుకే కొలిచి రాయి.

సభకు ముందురోజే సభ పెట్టే భూమి ఎంతో రైతునడుగు, గుంటల్లో చెబుతాడు. గుంటంటే ఎకరంలో నలభయ్యో వంతు, 1,089 చదరపు అడుగులు. వదులుగా నిలబడితే మనిషికి పది చదరపు అడుగుల జాగా పడుతుంది, అంటే గుంటకు నూరు మంది పైచిలుకు. భుజాలు రాసుకునేంత కిక్కిరిస్తే మనిషికి నాలుగున్నర చొప్పున 240 మంది. అలా కిక్కిరిసినా లక్ష మందికి పదెకరాలు దాటాలి, వదులుగా అయితే 23 ఎకరాలు. స్టేజీ, బారికేడ్లు, నడిచే దారి, పార్కింగ్ జాగా లెక్కలోంచి తీసెయ్యి. కుర్చీలు వేస్తే మరీ సులువు, వరుసకెన్నో, వరుసలెన్నో చూస్తే చాలు.

తప్పు జరిగేది స్టేజీ ముందు నిలబడి అంచనా వేసినప్పుడు. అక్కడి ఒత్తిడి మైదానమంతా ఉండదు. ప్రసంగం మొదలైన పది నిమిషాలకు చిట్టచివరికి నడిచి చూడు. డ్రోన్ వాలుగా తీస్తే ఖాళీలు కనబడవు, నిట్టనిలువుగా పైనుంచి తీసిన వీడియో అడుగు.

వార్తల కవరు ఆర్టీసీ బస్సులో పోయిన రోజుల్లో ఆలస్యమయ్యేది, కానీ ఆ వ్యవధిలో పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కు ఒక ప్రశ్న వేసేది. ఇప్పుడు ఆ ప్రశ్న నువ్వే వేసుకోవాలి. ఇన్ని ప్రకటనలు తేవాలని యాడ్ టార్గెట్ ఉన్న నీలాంటి మండల విలేకరికి ఇది కష్టమే. శుభాకాంక్షల ప్రకటన అడగాల్సింది ఆ నాయకుణ్నే కదా. కనీసం సభ జరిగే వారం అడగకు.

1996 లోక్‌సభ ఎన్నిక గురించి చదువు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని మన నల్లగొండలో బరిలో 480 మంది నిలిచారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ నీళ్లకు వంగిపోయిన కాళ్లను ఏళ్ల తరబడి పట్టించుకోని వాళ్లు కూడా ఆ 480ని చూసి ఇటు తిరిగారు. ఎవరైనా లెక్కబెట్టుకోగలిగిన అంకె అది.

వచ్చే సభకు వార్తతోపాటు నోట్‌బుక్కులో నువ్వు వేసిన గుంటల లెక్క కూడా ఫొటో తీసి పంపు.

మీ అన్న