నిద్రమాత్ర సంగతి తర్వాత, ముందు ఆ కాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84 కిలోలు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. మావారు ప్రాజెక్టు పని మీద డల్లాస్‌లో ఉన్నారు. ఆరు నెలలు అక్కడ ఉండి రావడానికి రెండు వారాల్లో బయల్దేరుతున్నాను. కూతురి దగ్గరికి వెళ్తున్న నా స్నేహితురాలు కూడా తోడు వస్తోంది. తిరుపతి నుంచి కారులో చెన్నై, అక్కడి నుంచి దోహా మీదుగా డల్లాస్. నాకు విమానంలో నిద్ర పట్టదు. తను వాడే అల్ప్రాజొలామ్ సగం వేసుకుంటే దిగేదాకా మెలకువ రాదని, జెట్‌లాగ్ కూడా ఉండదని అంటోంది. వేసుకోవచ్చా? కొండకు దర్శనానికి వెళ్లాల్సి ఉండి పీరియడ్స్ వాయిదా మాత్రలు మొదలుపెట్టాను. డల్లాస్ చేరేదాకా వాటినే కొనసాగిద్దామనుకుంటున్నాను. నాలుగు రోజులుగా ఎడమ పిక్క పట్టేసినట్టు ఉంది. సాయంత్రానికి కాస్త వాస్తోంది కూడా. షాపింగ్‌కు తిరగడం వల్లే అనుకుంటా.
- ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు అడిగింది నిద్ర గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం చివర్లో మాటవరసకు రాసిన ఆ పిక్క నొప్పి. తిరగడం ఎక్కువై వచ్చే వాపు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది. ఒక్క కాలే నొప్పి, ఒక్క కాలే వాపు, దానికి తోడు హార్మోన్ మాత్రలు, అధిక బరువు. ఇవన్నీ కలిసి కనబడితే కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని డాక్టర్ అనుమానించి తీరాలి. దీన్ని డీవీటీ అంటాం. మీకు అదే ఉందని నేను అనడం లేదు. చూడకుండా, చెయ్యి పెట్టకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. లేదని కూడా చూడకుండా అనలేం. కాబట్టి ఇది చదివిన రోజే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. కాలి సిరల్లో రక్తం సాఫీగా పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ తిరుపతిలో దొరకని పరీక్షేమీ కాదు. వాడుతున్న మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.

అప్పటిదాకా ఆ పిక్కకు మర్దన వద్దు. మన వైపు కాలు పట్టేస్తే నూనె రాసి గట్టిగా తోమించుకోవడం, లేదంటే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోవడం అలవాటు. ఆ కట్టు ఎముకల వ్యవహారం, దీనికి సంబంధం లేదు. లోపల నిజంగా గడ్డ ఉంటే మర్దనకు అది ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక ఆ వాయిదా మాత్రలు. ఎవరు రాసిచ్చారో మీరు చెప్పలేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఉంటారు. ఈ ఊళ్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, కొండకు వెళ్లాలన్నా, ఇంట్లో వ్రతమన్నా, చుట్టాల పెళ్లన్నా జలుబు మాత్రంత తేలిగ్గా వేసేసుకుంటున్నారు. ఎక్కువగా వాడేది నారెథిస్టెరాన్. ఇది ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం ఈస్ట్రోజన్‌గా మారుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరగడానికి అదో కారణం. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి డాక్టర్ చెప్పినట్టు కొద్ది రోజులు వాడటం వేరు. మీ బరువుకి, ఈ వయసులో, పదహారు గంటల విమానం ముందు పెట్టుకుని సొంతంగా వారాల తరబడి పొడిగించడం వేరు. దర్శనానికి మొదలుపెట్టిన మాత్ర డల్లాస్ దాకా ఎందుకమ్మా? ప్యాడ్లు ఆ విమానంలోనూ పనిచేస్తాయి. మాత్ర ఇవాళే ఆపాలా, మరొకటి వాడొచ్చా అన్నది కాలు చూసిన డాక్టరో, గైనకాలజిస్టో తేల్చాలి. ఆపిన రెండు మూడు రోజులకు పీరియడ్ వస్తుంది, కంగారుపడకండి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో సిరల్లో గడ్డల ముప్పు సుమారు రెండు రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి మాత్రమే. ఆ లెక్క మీకు వర్తించదు, ఎందుకంటే ఊబకాయం, హార్మోన్ మాత్రలు ఉంటే ఇంకా పెరుగుతుందని అదే సంస్థ చెప్పింది. చెన్నై దాకా కారులో కూర్చునే మూడు నాలుగు గంటలూ ఈ లెక్కలోకే వస్తాయి.

అందుకే మీ ఫ్రెండ్ మాత్ర నాకు అసలు నచ్చలేదు. దిగేదాకా మెలకువ రాకపోవడమే ఇక్కడ సమస్య. కాళ్లు కదలవు, నీళ్లు తాగరు. జీవితంలో మొదటిసారి వేసుకునే నిద్రమాత్రను విమానంలో వేసుకోవడం అంతకన్నా తప్పు. పైగా అల్ప్రాజొలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది, ఒకరి చీటీ మీద కొన్నది ఇంకొకరికి పంచిపెట్టేది కాదు. ఆవిడ కూడా చీటీ దగ్గర పెట్టుకోవాలి, దోహాలో, అమెరికాలో ఆ మందుకు నియమాలేమిటో ముందే కనుక్కోవాలి. రేపు ఎవరో ఆస్ప్రిన్ వేసుకుంటే రక్తం పలచబడుతుందని చెబుతారు. ప్రయాణం కోసమని సొంతంగా అదీ వద్దు.

స్కాన్‌లో గడ్డ కనిపిస్తే ప్రయాణం వాయిదా పడొచ్చు, కొన్ని నెలలు మందులు వాడాల్సి రావచ్చు. టికెట్ డబ్బులు పోతాయని కాలు సంగతి దాచకండి. ఏమీ లేదని తేలితే నడవా పక్క సీటు తీసుకోండి, గంట గంటకూ లేచి నడవండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. పిక్కను బిగించి పట్టే, మోకాలి కింది దాకా వచ్చే కంప్రెషన్ సాక్స్ మీకు సరిపడతాయేమో డాక్టర్‌నే అడిగి, కొలత ఇచ్చి కొనండి. దిగిన తర్వాత కూడా కొన్ని వారాలు కాలు వాపు, ఆయాసం మీద కన్నేసి ఉంచాలి, అక్కడ ఫోన్ చేయాల్సింది 911కి.

జెట్‌లాగ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. పగలు ఎండలో తిరిగి, అక్కడి రాత్రికే పడుకుంటే వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. థైరాయిడ్ మాత్రలు అసలు ప్యాకింగ్‌తో, చీటీతో హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకోండి. సాధారణంగా మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లనిస్తారు, మిగతా మూడు నెలలకు అక్కడి డాక్టర్‌తో రాయించుకోవాలి.