ఒక్క ఎమ్మెల్యే ఉన్న పార్టీ కూడా షాడో క్యాబినెట్ పెట్టుకోవచ్చా?

షాడో క్యాబినెట్ అంటే ప్రభుత్వ మంత్రుల పనిని గమనించేందుకు ప్రతిపక్ష పార్టీ పెట్టుకునే నీడ మంత్రివర్గం. పెట్టుకోవచ్చు, అడ్డుచెప్పే చట్టమేమీ లేదు. మహారాష్ట్రలో రాజ్ ఠాక్రే పెట్టారు కూడా. 2019 ఎన్నికల్లో 288 సీట్ల అసెంబ్లీలో ఆయన పార్టీ మహారాష్ట్ర నవనిర్మాణ సేనకు దక్కింది ఒక్కటే సీటు. అయినా 2020 మార్చి 9న, పార్టీ వార్షికోత్సవం రోజున, నవీ ముంబైలో షాడో క్యాబినెట్ ప్రకటించారు.

ఒక్కో శాఖ మీద కన్నేసి ఉంచే పని కొందరికి పంచడమే ఇది. పర్యాటక శాఖ రాజ్ కొడుకు అమిత్‌కు వచ్చింది. అప్పట్లో ఆ శాఖ అసలు మంత్రి ఎవరనుకున్నారు? పెదనాన్న వరసయ్యే ఉద్ధవ్ ఠాక్రే కొడుకు ఆదిత్య! అన్నదమ్ముల పిల్లల పోటీ అన్నమాట.

బ్రిటన్‌లో ఈ పద్ధతికి బలం వేరు. అక్కడ ప్రధాన ప్రతిపక్ష నాయకుడికి 1937 నుంచి చట్టప్రకారం ప్రభుత్వ జీతం ఉంది, సభలో మంత్రులకు ఎదురుగా కూర్చుని నిలదీసే వీలుంటుంది. మన దగ్గర షాడో మంత్రికి జీతమూ లేదు, ఫైలు చూసే హక్కూ లేదు. అసెంబ్లీలో మనుషులే లేకపోతే మిగిలేవి ఆర్టీఐ దరఖాస్తులు, ప్రెస్‌మీట్లే.

పైగా ప్రకటించిన రెండు వారాలకే లాక్‌డౌన్ వచ్చిపడింది.