డిష్ తీసేసే ముందు రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో చూడండి

"డిష్ తీసేసి పూర్తిగా ఓటీటీకి మారదామనుకుంటున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు. నెట్ స్పీడ్ ఎంత కావాలి, ఏ పరికరం కొనాలి?" అని అడిగారు.

స్పీడ్ సంగతి ముందు తేల్చేస్తాను. 1080పి (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకి సెకనుకు 5 మెగాబిట్లు, అంతకంటే స్పష్టమైన 4కేకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెబుతారు. రెండు గదుల్లో ఇద్దరు చూస్తే రెండూ కలిపి లెక్కేసుకోండి. అంత ఉండి కూడా బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే, చాలాసార్లు ఇబ్బంది రౌటర్‌కీ టీవీకీ మధ్య ఉన్న గోడలతోనే. వీలైతే రౌటర్ నుంచి టీవీ దాకా వైరు లాగించండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

కానీ మీరు అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. మీ ఇంట్లో టీవీ ఎక్కువసేపు చూసేది ఎవరు? మారాలనుకునేది మీరు, బిల్లు కట్టేది మీరు, సరే. పగలంతా టీవీ ముందు ఉండేది ఎవరు? మా ఇంట్లో అయితే అమ్మ.

నేను మారింది మూడేళ్ళ క్రితం. వాన పడినప్పుడల్లా డిష్ బొమ్మ పోయేది, దాంతో విసుగెత్తింది. ఆ సంకేతం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి చక్కగా వస్తుంది. తీరా చివరి కొద్ది కిలోమీటర్లలో చినుకులు దాన్ని మింగేస్తాయి, చెదరగొడతాయి. డిష్‌లు ఎక్కువగా వాడే ఆ తరంగాల పొడవు రెండు మూడు సెంటీమీటర్లే, అందుకే జోరు వానకి తట్టుకోలేవు. స్ట్రీమింగ్‌లో ఆ బాధ లేదు కదా అని ఒక సాయంత్రం బాక్స్ పీకేసి, నెట్‌లో వచ్చేవి టీవీలో ఆడించే చిన్న స్టిక్ తగిలించి, యాప్‌లన్నీ ఎక్కించాను. అమ్మకి పది నిమిషాలు చూపించాను. "తెలిసింది" అంది. నేను నమ్మాను.

అమ్మ టీవీ చూసే పద్ధతే వేరు. ఆమెకి ఛానళ్ళ పేర్లతో పని లేదు, నంబర్లే. పొద్దున పాటలకి ఒకటి, మధ్యాహ్నం సీరియల్‌కి ఒకటి, రాత్రి వార్తలకి ఒకటి. కళ్ళజోడు పెట్టుకోకుండానే నొక్కేది. పాత రిమోట్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. బొటనవేలు ముందు దాని మీద ఆనించి, అక్కడి నుంచి పైకీ కిందకీ వెళ్ళేది. చీకట్లో కూడా తప్పేది కాదు. కొత్త స్టిక్ రిమోట్‌లో అంకెలే లేవు. ఒక గుండ్రటి చక్రం, దాని కింద నాలుగు కంపెనీల పేర్లతో నాలుగు బటన్లు. చూసేవాళ్ళ కోసం తయారుచేసిన రిమోట్ అయితే, ఆ నాలుగు పేర్ల చోట అంకెలు పెట్టేవాళ్ళు.

మారిన రెండో నెలలో పని మీద నాలుగు రోజులు ఊరు వెళ్ళాల్సి వచ్చింది. రోజూ రాత్రి ఫోన్ చేసి "టీవీ వస్తోందా అమ్మా?" అని అడిగేవాణ్ణి. "ఆఁ, చూస్తున్నాలే నాన్నా, నువ్వు పని చూసుకో" అనేది. నాలుగో రోజు ఇంటికొచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. పక్కనే పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఇంగ్లీషు అక్షరాలు మూడు వరుసలు, వరుసకి ఎనిమిది. అమ్మ చదువు తెలుగులోనే సాగింది, అదీ అయిదో తరగతి వరకే. ఆ అక్షరాలను ఆమె రాయలేదు, బొమ్మలు గీసినట్టు గీసింది. క్యూని సున్నాకి తోక పెట్టినట్టు వేసింది. ఒకచోట సున్నానా ఓనా తెలియక రెండుసార్లు దిద్దింది.

ఊరెళ్ళిన రోజే యాప్ దానంతట అదే లాగౌట్ అయిపోయిందట. "ఈ కోడ్‌ను ఫోన్‌లో కొట్టండి" అని తెర మీద వచ్చింది. "నువ్వు వచ్చాక కొట్టుకుంటావని రాసి పెట్టా. చూస్తుండగానే మారిపోయింది, అందుకని మూడూ రాశా. ఏది కావాలో చూసుకో" అంది.

ఆ కోడ్‌లు కొద్ది నిమిషాలే పనిచేస్తాయి. నాలుగు రోజులు ఆమె మౌనంగా కూర్చుంది, నేను పనిలో ఉంటానని నాకు చెప్పలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఒకటుంది. ఇలా టీవీలో కోడ్ చూపించి ఫోన్‌లో కొట్టించే పద్ధతికి ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2019లోనే ఒక ప్రమాణం ప్రచురించింది, దాని పేరు ఆర్ఎఫ్‌సీ 8628. ఇంగ్లీషు కీబోర్డు వాడని ప్రాంతాల వాళ్ళకి అచ్చంగా అంకెల కోడ్ ఇవ్వడం మంచిదని అందులో ఉంది. అంకెలైతే మా అమ్మ ఫోన్‌లో చదివి చెప్పేది, నేను ఉన్నచోటి నుంచే కొట్టేసేవాణ్ణి. అంత తేలికైన పని. అయినా మా యాప్ అక్షరాలే ఇచ్చింది.

తర్వాత నేను చేసిన మార్పులు చెబుతాను, మీకు పనికొస్తాయి. అంకెలున్న బ్లూటూత్ రిమోట్ ఒకటి తెచ్చాను. అన్ని యాప్‌లూ అంకెలను పట్టించుకోవు, కాబట్టి లైవ్ ఛానళ్ళ యాప్‌లు మూడు నాలుగు ప్రయత్నించి, నంబరు నొక్కితే ఛానల్ మారేది వెతికి పట్టుకున్నాను. స్టిక్ ఆన్ అవగానే అదే తెరుచుకునేలా పెట్టాను. టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఒక్క బటన్‌తో టీవీ, స్టిక్ రెండూ వెలుగుతాయి. రెండు రిమోట్ల గొడవ పోతుంది. మీ ప్రాంతంలో ఉచిత డిజిటల్ ప్రసారాలు అందుతుంటే, వాటిని పట్టే ట్యూనర్ మీ టీవీలో ఉంటే, ఒక యాంటెన్నా కూడా పెట్టించండి. దానికి లాగిన్ ఉండదు, కోడ్ ఉండదు, నెట్ పోయినా ఆడుతుంది. కొత్త స్మార్ట్ టీవీ మాత్రం దీనికోసం కొనకండి. టీవీ పదేళ్ళు పనిచేస్తుంది, అందులోని యాప్‌లకి అప్‌డేట్లు అంతకాలం రావు. స్టిక్ అయితే పాతబడ్డాక మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పెద్దవాళ్ళకి ఎంచుకోవడం ఇష్టముండదు. టీవీ పెట్టగానే ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. వంద బొమ్మలు వరుసగా పేర్చి ఏది కావాలంటే మా అమ్మ "నువ్వే ఏదో ఒకటి పెట్టు" అంటుంది. ప్రకటనలతో ఉచితంగా, ఆగకుండా నడిచే ఛానళ్ళు స్ట్రీమింగ్‌లోనూ ఉన్నాయి, అవి వెతికి పెట్టండి.

మ్యాచ్‌లు చూసేవాళ్ళుంటే ఆలస్యానికి సిద్ధపడండి. ఉపగ్రహం దాకా వెళ్ళి రావడానికి సంకేతానికి పట్టేది పావు సెకను. స్ట్రీమింగ్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, రెండు మూడు ముక్కలు ముందే నింపుకుని ఆడిస్తారు, అందుకే అరనిమిషం దాకా వెనకబడుతుంది. పక్కింట్లో కేకలు వినపడ్డాక మన బొమ్మ వస్తుంది. మా నాన్న ఆ సమయానికి కిటికీలు మూసేస్తారు.

డబ్బు మిగులుతుందని మాత్రం పెద్దగా ఆశపడకండి. ఒక సీరియల్ సగంలో ఉండగా వేరే యాప్‌కి వెళ్ళిపోతుంది, దాని వెంట మనమూ వెళ్ళాలి. డబ్బు కట్టినా ప్రకటనలు చూడాల్సిన ప్లాన్లు వచ్చేశాయి, నెట్‌ఫ్లిక్స్ కొన్ని దేశాల్లో 2022 నవంబరులో మొదలుపెట్టింది.

ఇంతకీ మారమంటారా వద్దంటారా అంటే, మారండి. వానకి బొమ్మ పోదు, ఆ ఒక్కదానికే నేను వెనక్కి వెళ్ళను. కాకపోతే అన్నీ పెట్టాక ఒక నెల పాత కనెక్షన్ అలాగే ఉంచండి. ఆ నెలలో నాలుగు రోజులు ఊరెళ్ళి రండి. తిరిగొచ్చాక "టీవీ వచ్చిందా?" అని అడక్కండి, రిమోట్ వాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చోండి. రాత్రి వార్తలు వాళ్ళంతట వాళ్ళే పెట్టుకోగలిగితే, మర్నాడు ఫోన్ చేసి కనెక్షన్ తీయించేయండి.