అమ్మకానికి పెట్టని ఇంటిని అడగొచ్చా? అడ్వాన్సు ఎవరికివ్వాలి?

ప్రశ్న: మా ఇంటిని ఆనుకుని ఉన్న పాత ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నారు. భర్త పోయారు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఆ ఇల్లు అమ్మకానికి పెట్టలేదు. మా కుటుంబం పెరిగింది కాబట్టి అది దొరికితే మాకెంతో వీలు. ఆవిడను నేరుగా అడిగితే చట్టపరంగా ఇబ్బందులు వస్తాయా? వాళ్ల చిన్నబ్బాయేమో ‘అమ్మను నేను ఒప్పిస్తాను, ముందు కొంత అడ్వాన్సు ఇవ్వండి’ అంటున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు అడ్వాన్సు సంగతి చెబుతాను. మీ డబ్బు ఇరుక్కునేది అక్కడే. చిన్నబ్బాయికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఆ ఇల్లు పెద్దావిడ పేరునే రిజిస్టరై, ఆమె సొంత ఆస్తి అయితే, ఆమె బతికుండగా కొడుక్కి అందులో వాటా ఉండదు. ‘రేపు ఎలాగూ నాదే కదా’ అని వారసుడు పెట్టుకునే ఆశ అమ్మదగిన ఆస్తి కాదని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 6 స్పష్టంగా చెబుతోంది. దాన్ని నమ్మి ఇచ్చిన అడ్వాన్సును చూపించి ఆ తల్లిని మీరు ఏమీ అడగలేరు.

ఇల్లు చనిపోయిన భర్త స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే లెక్క వేరు. వారు హిందువులైతే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా పావు వాటా వస్తుంది. ఆయన పోయేనాటికి ఆయన తల్లి బతికి ఉంటే ఆమెదీ సమాన వాటాయే. కూతురికి పెళ్లయిందా లేదా అన్నదానితో పని లేదు. అంటే పెద్దావిడ ఒక్కరే సంతకం పెట్టినా ఇల్లంతా మీకు రాదు, చిన్నబ్బాయి అమ్మగలిగేదీ తన పావు వాటానే.

‘ముందు ఆ పావు వాటా కొనేసి, మిగతాది తర్వాత చూసుకుందాం’ అని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి వినకండి. విభజన జరగని కుటుంబ నివాస గృహంలో వాటా కొన్న బయటి వ్యక్తి, ఆ కుటుంబంతో కలిసి ఇంట్లో ఉంటానని అడగడానికి వీల్లేదు. ఇది అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44. మీరు విభజన దావా వేసుకోవాలి. వేస్తే, ‘ఆ వాటా మేమే కొనుక్కుంటాం’ అని మిగతా వారసులు 1893 నాటి విభజన చట్టం సెక్షన్ 4 కింద కోరవచ్చు. కోర్టు విలువ కట్టించి వాళ్లకే ఇప్పిస్తుంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగాక మీ చేతికి వచ్చేది ఇల్లు కాదు, ఆ విలువ మాత్రమే.

కాబట్టి అడగబోయే ముందు యజమాని ఎవరో తేల్చుకోండి. ఇంటి పన్ను రసీదు మీద పేరు ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి, దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. స్థిరాస్తి దస్తావేజుల వివరాలు ఎవరైనా ఫీజు కట్టి చూసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. అయితే వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా వంటివి ఈసీలో కనిపిస్తాయన్న భరోసా లేదు.

ఇక అడగడం. ‘ఇల్లు అమ్ముతారా?’ అని మర్యాదగా అడగడం ఏ చట్టం కిందా తప్పు కాదు. వెళ్లి మాట్లాడండి, లేదా ఉత్తరం రాయండి. ఉత్తరమైతే ఇలా ఉంటే చాలు: ‘అమ్మా, మీరు ఎప్పుడైనా ఈ ఇల్లు అమ్మాలనుకుంటే మాకు ఒక మాట చెప్పండి. ధర, షరతులు అప్పుడు పిల్లల సమక్షంలో కూర్చుని మాట్లాడుకుందాం. ఇష్టం లేకపోతే జవాబివ్వనక్కర్లేదు.’ ఇందులో ధర రాయవద్దు. స్పష్టమైన ధర, షరతులతో కొంటానని రాస్తే అది ప్రతిపాదన అవుతుంది, అవతలివారు సరేనంటే ఒప్పందం కుదిరిందనే వాదనకు తావిస్తుంది. ‘పది రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే’ వంటి మాటలు అసలే వద్దు. మౌనం అంగీకారం కాదు.

ఆవిడ వద్దంటే అక్కడితో వదిలేయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. బంధువులతో చెప్పించడం, గోడ గురించో కాలువ గురించో ఫిర్యాదులు పెట్టి విసిగించడం నేను చూస్తూనే ఉన్నాను. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల మీద ఇలా ఒత్తిడి తేవడం అన్యాయం. పైగా మీకే ముప్పు. వయసు వల్లో అనారోగ్యం వల్లో మానసికంగా బలహీనంగా ఉన్నవారి చేత లొంగదీసి రాయించుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం ప్రకారం అనుచిత ప్రభావం కిందకు వస్తుంది, దాన్ని రద్దు చేయమని ఆమె కోర్టుకు వెళ్లవచ్చు.

చాలామంది పెద్దలు వద్దనేది ధర చాలక కాదు, ‘ఈ వయసులో నేనెక్కడికి పోను?’ అన్న భయంతో. ఆ భయం మీరు తీర్చగలరు. తాను ఉన్నన్నాళ్లూ అదే ఇంట్లో ఉండే హక్కును నిలుపుకుంటూ ఆమె అమ్మవచ్చు. ఆ షరతును సేల్ డీడ్‌లోనే రాయించండి. మీకు ఆ ఓపిక ఉంటేనే ఈ మాట ఎత్తండి.

అందరూ ఒప్పుకుంటే హక్కున్న ప్రతి ఒక్కరి సంతకంతో అగ్రిమెంటు రాయించి రిజిస్టర్ చేయించండి. పెద్దావిడ తరఫున ఆమె నమ్మిన మరో లాయరు చదివి చెబితే మీకే రక్షణ. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

‘ఇప్పుడు కాదు, అమ్మేటప్పుడు మీకే చెబుతా’ అంటే సంతోషించండి గానీ, దాని మీద ఆధారపడకండి. ప్రతిఫలం లేని నోటి మాటను కోర్టు అమలు చేయించదు. కావాలంటే కొంత మొత్తం చెల్లించి, అమ్మదలిస్తే ముందుగా మీకు తెలియజేసి ఇన్ని రోజులు గడువిచ్చేలా రాతపూర్వక ఒప్పందం చేసుకోవచ్చు. అందులోనూ హక్కుదారులందరి సంతకాలు ఉండాలి.