టెక్ సందేహాలు: తెర మీద లైవ్ చాట్ ఒక వారం వచ్చి, ఇంకో వారం రాదేం?

ప్రశ్న: బరంపురంలో మా భజన మండలి కార్యక్రమాలను లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో (లైవ్ పంపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాం. చూసేవాళ్ల చాట్ వీడియో మీదే కనిపించేలా బ్రౌజర్ సోర్స్ (వెబ్ పేజీని వీడియో మీద చూపించే పెట్టె) పెట్టాం. పోయిన శనివారం వచ్చింది, ఈ శనివారం ఒక్క ముక్క రాలేదు. వచ్చిన రోజైనా తెలుగు ఒత్తులు తెగిపోయాయి, ఒడియా రాతల చోట డబ్బాలే కనిపించాయి.

జవాబు: మీరు ఓబీఎస్‌లో పెట్టిన చాట్ అడ్రస్ పోయిన శనివారం వీడియోది. యూట్యూబ్‌లో ప్రతి లైవ్‌కూ కొత్త వీడియో ఐడీ పుడుతుంది, చాట్ అడ్రస్ ఆ ఐడీతోనే ముడిపడి ఉంటుంది. పాత సెట్టింగులు మళ్లీ వాడుకున్నా ఐడీ కొత్తదే.

అందుకని లైవ్‌ను ముందురోజే షెడ్యూల్ చేయండి. యూట్యూబ్ స్టూడియోలో ఆ లైవ్ పేజీ తెరిచి, చాట్ పైనున్న మూడు చుక్కలు నొక్కి, పాపౌట్ చాట్ ఎంచుకోండి. విడిగా తెరుచుకున్న కిటికీలోని అడ్రస్ కాపీ చేసి, బ్రౌజర్ సోర్స్ ప్రాపర్టీస్‌లో పాతదాని చోట అతికించండి. వారం వారం ఈ పని ఎందుకనుకుంటే స్ట్రీమ్‌ఎలిమెంట్స్ అనే సైట్ ఇచ్చే చాట్ విడ్జెట్ (తెర మీద చాట్ చూపించే పెట్టె) వాడవచ్చు. దాని అడ్రస్ ఛానల్‌కు కట్టి ఉంటుంది, మారదు. అడ్రస్ సరిగానే ఉన్నా చాట్ రాకపోతే ఆ వీడియోకు 'పిల్లల కోసం' అన్న గుర్తు పడిందేమో చూడండి. అది ఉంటే యూట్యూబ్ చాట్‌నే తీసేస్తుంది. పిల్లల నాట్యాల లైవ్‌లలో ఇది తరచూ జరుగుతుంది.

డబ్బాలకు కారణం మీ ల్యాప్‌టాప్‌లో ఒడియా ఫాంట్ లేకపోవడం. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా రెండూ ఎక్కించి, ఓబీఎస్ మూసి తెరవండి. విండోస్ 10లో నిర్మలా యూఐ ఫాంట్ రెండు లిపులనూ చూపిస్తుంది కనుక అక్కడ ఈ గొడవ ఉండదు.

ఒత్తుల సంగతి వేరు. ఇంగ్లీషు కొలతలతో కట్టిన చాట్ పెట్టెల్లో వరుసకు ఇచ్చే ఎత్తు తక్కువ. మన 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలు కిందికి దిగుతాయి కనుక కింది వరుస వాటిని కోసేస్తుంది. చాట్ వీ2 స్టైల్ జనరేటర్ అనే ఉచిత పేజీలో రంగులు, సైజులు ఎంచుకుంటే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని మార్చే కోడ్) తయారుచేసి ఇస్తుంది. దాన్ని బ్రౌజర్ సోర్స్‌లోని కస్టమ్ సీఎస్ఎస్ పెట్టెలో, ఉన్నదంతా తీసేసి, అతికించండి. అక్షరం 26 పిక్సెళ్లయితే వరుస ఎత్తు 40 దాకా పెట్టండి. యూట్యూబ్ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కూడా దీంతోనే పోతుంది.

720పీ కాన్వాస్‌కు (ఓబీఎస్‌లో వీడియో తయారయ్యే తెర) సోర్స్ వెడల్పు 400, ఎత్తు 500 చాలు. ఈ అంకెలు ప్రాపర్టీస్‌లోనే ఇవ్వండి. మౌస్‌తో లాగి పెద్దది చేస్తే అక్షరాలు మసకబారతాయి. పెట్టెను అడుగు అంచు నుంచి కనీసం 60 పిక్సెళ్లు పైకి ఉంచండి, లేకపోతే ఫోన్‌లో చూసేవాళ్లు తెర తాకినప్పుడల్లా ప్లేయర్ పట్టీ దాన్ని కప్పేస్తుంది. పైన కింద అనవసరమైనవేవైనా మిగిలితే ట్రాన్స్‌ఫార్మ్ ఎడిట్‌లో క్రాప్ (అంచులు కత్తిరించే) అంకెలు ఇవ్వండి. విండోస్‌లో ఆల్ట్ నొక్కి లాగితే సరిపోతుంది కానీ లైనక్స్‌లో చాలాసార్లు ఆల్ట్ నొక్కి లాగితే కిటికీయే కదులుతుంది.

కొన్ని సందేశాలు తెర మీదికి రావడం లేదనిపిస్తే అది టాప్ చాట్ వడపోత (కొన్ని సందేశాలను యూట్యూబే దాచే పద్ధతి). కస్టమ్ సీఎస్ఎస్ చాట్ పై పట్టీని దాచేస్తుంది కనుక దాన్ని కాసేపు తీసి, సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి ఇంటరాక్ట్‌లోకి వెళ్లి లైవ్ చాట్‌కు మార్చండి. సిగ్నల్ తగ్గి చాట్ ఆగిపోతే ప్రాపర్టీస్ అడుగునున్న రిఫ్రెష్ బటన్ నొక్కండి, లైవ్ ఆపక్కర్లేదు. 'నా మెసేజ్ ఆలస్యంగా కనబడుతోంది' అనేవారికి లేటెన్సీయే (వీడియో చూసేవారికి చేరడంలో ఆలస్యం) జవాబు. తక్కువ లేటెన్సీలో చాలామందికి 10 సెకన్లలోపు, అతి తక్కువలో 5 సెకన్లలోపు వీడియో అందుతుంది. మీ నెట్ తడబడేదైతే అతి తక్కువ జోలికి పోవద్దు, బఫరింగ్ పెరుగుతుంది.

చాట్ మొత్తాన్నీ వడపోత లేకుండా తెర మీదికి వదిలేయడం నాకు నచ్చదు. బూతు మాటనో, ఎవరిదో ఫోన్ నంబరునో చాట్‌లోంచి తీసేయవచ్చు గానీ, వీడియోలో కలిసి లైవ్‌గా వెళ్లిపోయినదాన్ని వెనక్కి తీసుకోలేం. బ్లాక్ చేసే మాటల జాబితాలో తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తీరులన్నీ ఒకసారి, ఒడియావి ఒకసారి చేర్చండి. లింకులు ఆపేయండి, స్లో మోడ్ (ఒకరే వెంటవెంటనే సందేశాలు పంపకుండా ఆపేది) పెట్టండి.

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచలో మా దగ్గర ఫోన్ ఒక్కటే కెమెరా. యూట్యూబ్ యాప్‌లో లైవ్ ఇస్తే చాట్ వీడియోలో రికార్డు కావడం లేదు. మంచి వ్యాఖ్యలు మాత్రమే తెర మీద చూపించే దారి ఉందా?

జవాబు: యాప్ చాట్‌ను వీడియోలో కలపదు, విడిగానే ఉంచుతుంది. ఒక మామూలు ల్యాప్‌టాప్ దొరికితే దాని బ్రౌజర్‌లో స్ట్రీమ్‌యార్డ్ అనే లైవ్ ఇచ్చే సైట్ తెరిచి, మీ ఛానల్ కలపండి. గెస్ట్ లింకును ఫోన్‌కు పంపి, ఫోన్ క్రోమ్‌లో తెరిస్తే ఫోనే కెమెరా అవుతుంది. తెలుగు, మరాఠీ వ్యాఖ్యలన్నీ ల్యాప్‌టాప్‌లో పక్కన వస్తుంటాయి, మీరు నొక్కినదొక్కటే తెర మీదికి వెళ్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. వీడియోను కూర్చే పని వాళ్ల సర్వర్ చేస్తుంది కనుక పాత ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది. ఉచిత ప్లాన్‌లో వాళ్ల గుర్తు మూలన పడుతుంది. బరంపురం వాళ్లకూ ఈ పద్ధతే మేలు, కాకపోతే వ్యాఖ్యలు చూసి నొక్కడానికి ఒక మనిషి కూర్చోవాలి.